పంపు విప్పే ముందు ట్యాంకు దింపి చూడండి

వానలు పడకముందే చేసుకోవాల్సిన పని ఒకటి ఉంది, గుర్తు చేద్దామని రాస్తున్నా. కొంచెం పెద్ద పోస్టు, తీరిగ్గా చదవండి.

మన అడివి అంచు ఊళ్లలో పాత మహీంద్రా జీపులు ఇంకా తిరుగుతానే ఉన్నాయి. మిర్చి బస్తాలకు అదే, కూలీలకు అదే, అర్ధరాత్రి పురిటి నొప్పులొస్తే భద్రాచలం పోవడానికీ అదే. అట్లాంటి బండి సిగ్నల్ లేని చోట ఆగితే ఏమవుద్దో మీకు చెప్పక్కర్లేదు.

మా ఎంఎం 540 మా బావ దగ్గర కొన్నది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదారి 71.3 అడుగులకు వచ్చింది చూడండి, అప్పుడు బూర్గంపాడు వైపు వాళ్ల ఊళ్లో ఈ జీపు రెండు రోజులు నీళ్లలో ఉంది. తర్వాత ఇంజనాయిలు, గేరాయిలు, ఫిల్టర్లు అన్నీ మార్పించాడు. ట్యాంకు మాత్రం ఎవరూ దింపలేదు.

నిరుటి నుంచి ఒకటే జబ్బు. లోడుతో ఎక్కుడు ఎక్కేటప్పుడు గుంజదు, ఆగిపోద్ది. పది నిమిషాలాగి సెల్ఫ్ కొడితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుద్ది. ఒక షెడ్డులో చూపిస్తే పంపు పోయింది, 20 వేల పైమాటే అన్నారు. మా ఊళ్లో పాత డ్రైవరు పెదనాన్న ఒకాయన ఉన్నాడు. ఆయన ఒకటే అడిగాడు: "పోయిన పంపు పది నిమిషాలు పండుకుంటే బాగుపడుద్దారా? అడుగున చెత్తుంది, చూడు."

సంగతి ఇదీ. నీళ్లు డీజిల్ కన్నా బరువు, అడుక్కి చేరతాయి. నీళ్లు, డీజిల్ కలిసే చోట కంటికి కనపడని క్రిములు పెరిగి జిగురు పాకుడు కడతాయి. పైగా తుప్పు. ఇంజను గుంజినప్పుడు ఆ చెత్తంతా పైపు మూతికి అతుక్కుంటది. ఇంజను ఆగితే గుంజుడు ఆగి, చెత్త కిందికి జారిపోద్ది. అందుకే మళ్లీ స్టార్టవుద్ది.

ఇక దింపే పద్ధతి. మా జీపుకు ట్యాంకు డ్రైవరు సీటు కిందే. ముందు బ్యాటరీ మైనస్ వైరు తీశాం. డ్రెయిన్ బోల్టు విప్పి డీజిల్ క్యాన్‌లోకి పట్టాం. దయచేసి నోటితో పైపు పీల్చి తీయొద్దు. మనలో చాలామందికి అలవాటే గానీ, ఒక్క గుక్క ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తది. ఎవరైనా మింగితే వాంతి చేయించొద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి.

సీటు తీసి, గేజి వైరు, రబ్బరు పైపులు, బోల్టులు విప్పి ట్యాంకు బయటపెట్టాం. పైపులు ఎండిపోయి పగుళ్లిచ్చాయి, అవి మార్చేశాం. లోపల చూడ్డానికి టార్చిలైటే వాడండి, అగ్గిపుల్ల మాటే ఎత్తొద్దు. మా దాంట్లో అడుగున నల్లటి పాకుడు, దాని కింద గోదారి ఒండ్రు!

సర్ఫు నీళ్లతో రెండుసార్లు కడిగాం. తర్వాత పాత నట్లు 30 లెక్కపెట్టి వేసి, నీళ్లు పోసి, ఇద్దరం అటూ ఇటూ ఊపాం. తీసేటప్పుడు 29 వచ్చాయి. ఆ ఒక్కదాని కోసం అరగంట పట్టింది. లెక్కపెట్టకపోతే అది లోపలే ఉండేది. మిగిలిన తుప్పుకు గోరువెచ్చని నీళ్లలో నిమ్మ ఉప్పు కలిపి రాత్రంతా ఉంచాం. పొద్దున పారబోసి, వంటసోడా నీళ్లతో, మళ్లీ మంచినీళ్లతో కడిగి వెంటనే ఎండలో పెట్టాం. తడి ఉంటే గంటల్లోనే మళ్లీ తుప్పు పడద్ది. ఆరినాక ఒక లీటరు డీజిల్ పోసి తిప్పి పారబోశాం.

ఎక్కడైనా సూది బెజ్జం కనపడితే, ఖాళీ ట్యాంకే గదా అని వెల్డింగుకు తీసుకుపోవద్దు. నిండు ట్యాంకు కన్నా ఖాళీ ట్యాంకే ప్రమాదం. లోపల మిగిలిన ఆవిరి గాలితో కలిసి ఉంటది, నిప్పు తగిలితే పేలుద్ది. కడిగినా నమ్మకం లేదు. పెట్రోలు ట్యాంకైతే మరీ. ట్యాంకు మార్చుకోండి, ప్రాణం కన్నా అది ఖరీదు కాదు.

గాలి పోయే సన్న గొట్టం కూడా ఊది చూడండి. కుమ్మరి పురుగు మట్టి పెడితే లోపలికి గాలి రాక బండి ఆగుద్ది. ఆగినప్పుడు మూత తీస్తే స్స్ అని శబ్దమొస్తే జబ్బు అదే.

బిగించాక కొత్త ఫిల్టర్ వేసి, ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి, చేత్తో ఫీడ్ పంపు కొట్టాం. బుడగలు ఆగి డీజిల్ ఒక్కటే వచ్చినప్పుడు బిగించాం. రెండు పూటల పని, ఖర్చు పైపులకూ ఫిల్టరుకూ. పంపు ముట్టుకోనే లేదు. ఇప్పుడు లోడుతో ఎక్కుడు ఆగకుండా ఎక్కుతాంది.

తీసిన మురికి డీజిల్ వాగులో, బావి దగ్గర పోయొద్దు, పశువులు తాగే నీళ్లవి. వానాకాలం బండి ఊరికే ఉంటే ట్యాంకు నిండుగా ఉంచండి. ఖాళీ ఉన్నంత మేర చెమ్మ పట్టి నీళ్లవుద్ది. వరద నీళ్లలో నిలబడ్డ ట్రాక్టరుకైనా, ఇంజను మోటరుకైనా ఇదే వర్తిస్తది. మీ దాంట్లో ఏం బయటపడిందో కింద రాయండి, పదిమందికి పనికొస్తది.