మూడు కొండలు, ఒక బుర్ర అంబలి

మొన్న వేసవి సెలవుల్లో మా అక్క అత్తవారి ఊరికి నాన్నతో నడిచి వెళ్లాను. మాది పాడేరు వైపు. బస్సులో చుట్టూ తిరిగి పోవచ్చు గాని, "గట్టు మీంచి పోదాంరా, మూడు కొండలే గదా" అన్నాడు నాన్న.

తెల్లారకముందే బయలుదేరాం. చోడి అంబలి ఉన్న ఆనపబుర్ర నేనే పట్టుకున్నాను. మొదటి కొండ మీంచి దూరంగా నీలంగా కనిపించేదాన్ని చూపించి "అదే అర్మకొండ" అన్నాడు. తూర్పు కనుమల్లో బాగా ఎత్తైనవాటిలో ఒకటి, 1680 మీటర్లు అని సోషల్‌లో చదివిందే! చెబితే నవ్వి, "ఎవడు కొలిచాడ్రా?" అన్నాడు.

రెండో కొండ దిగుతుంటే నా బడి బూట్లు జారాయి. (వార్డెన్ గారు ఏమీ అనుకోకూడదు, బూట్లు మంచివే, కొండకే పనికిరావు.) బుర్ర పగిలి అంబలంతా రాళ్లపాలు. నాన్న తిట్టలేదు. కింద ఊట ఉందన్నాడు. వెళ్తే అదీ ఎండిపోయింది. చేత్తో మట్టి తవ్వుతూ కూర్చున్నాడు. చాలాసేపటికి కాసిని నీళ్లు ఊరాయి. అడ్డాకు దొప్ప కుట్టి నాకిచ్చాడు. మళ్లీ ఊరితే మళ్లీ నాకే ఇచ్చాడు. తను తాగాడో లేదో నేను చూసుకోలేదు.

మూడో కొండ మీద మాటల్లేవు. ఊళ్లోకి వెళ్లగానే అక్క ఎదురొచ్చి, "నాన్న పెదాలు అలా పగిలిపోయాయేంరా?" అంది. నేను తల దించుకున్నాను.

తిరిగొచ్చేటప్పుడు అక్క కొత్త బుర్ర నిండా అంబలి పోసింది. నాన్న దాన్ని నా చేతికే ఇచ్చాడు. నేను బూట్లు విప్పి మెడలో వేసుకున్నాను.