పైలోస్ కరణాల మట్టి లెక్కలు

ఎథెన్స్‌లోని జాతీయ పురావస్తు ప్రదర్శనశాలకు వచ్చేవారు ముందుగా మైసీనీ బంగారు ముసుగు దగ్గరికి నడుస్తారు. 1876లో హైన్‌రిఖ్ ష్లీమన్ తవ్వి తీసిన ఆ ముసుగు ముందు ఫోన్లు పైకెత్తి గుంపులుగా నిలబడతారు. ఆ ప్రాచీన విభాగంలోనే అద్దాల వెనక కొన్ని మట్టి పలకలున్నాయి. నేను వెళ్లిన రోజు వాటి దగ్గర ఎవరూ లేరు. అద్దానికి ముక్కు తగిలేంత దగ్గరగా నిలబడి తీరిగ్గా చూడగలిగాను.

వాటిలో ఒక పలక పొడుగ్గా, సన్నగా ఉంది. ఈ ఆకారం పలకలకు పండితులు పెట్టుకున్న పేరు తాటాకు పలకలు. పచ్చి మట్టి మీద ముందు అడ్డగీతలు గీసుకుని, వాటి మధ్య మొనదేలిన పుల్లతో రాశారు. రాత ఎడమ నుంచి కుడికి సాగుతుంది. మొదటి మాట నాలుగు అక్షరాలు: తి-రి-పొ-దె. అంటే ముక్కాలి పాత్రలు రెండు. సంస్కృతం కాస్త తెలిసినవారికి త్రిపాదం వెంటనే స్ఫురిస్తుంది. రెండింటికీ మూలం ఒకటే. ఇక్కడున్నది ద్వివచనం కూడా. అదే పలకలో ఒక్క పాత్ర గురించి రాసేటప్పుడు 'తి-రి-పొ' అని ఏకవచనం వాడారు. ఆ ఒక్కటి ఒంటికాలిది. ఇంకొకటి క్రీట్ పనివాళ్ల పద్ధతిలో చేసినదే గాని, కాళ్లు కాలిపోయినది. తర్వాత గిన్నెలు: పెద్దవి, చిన్నవి, నాలుగు పిడులవి, మూడు పిడులవి, అసలు పిడి లేనిది. ఒక్కోదాని పక్కన దాని బొమ్మ, అంకె.

పైలోస్ కోటలోని సామానుకు ఒక కరణం రాసుకున్న జాబితా ఇది. వయసు 3,200 ఏళ్లు. హోమర్ కావ్యాల కంటే దాదాపు 500 ఏళ్ల ముందటి గ్రీకు భాష ఇది. కాలిపోయిన కాళ్లను కూడా కరణం వదలకుండా లెక్కలో ఎక్కించాడు.

ఈ లిపి పేరు లీనియర్ బి. తెలుగు చదివేవారికి ఇది మరీ పరాయిగా తోచదు. ఇందులో ఒక్కో గుర్తు హల్లు, అచ్చు కలిసిన ఒక అక్షరం: క, కె, కి, కొ, కు. అంటే గుణింతమే, దీర్ఘాలు తీసేసిన గుణింతం. మన కి, కు, కెలలో క పోలిక కనిపిస్తుంది. వీళ్ల ఐదు అక్షరాలకూ ఐదు పొంతన లేని బొమ్మలు. అన్నీ కలిపి దాదాపు 90 అక్షరాలు. సరుకులను చూపడానికి వందకు పైగా బొమ్మ గుర్తులు వేరే ఉన్నాయి.

చిక్కంతా ఒత్తుల దగ్గరే. ఈ లిపిలో ఒత్తు లేదు, పొల్లు లేదు. గ్రీకులో సంయుక్తాక్షరాలు కొల్లలు. మరి క్నోసోస్ అనే ఊరి పేరు ఎలా రాయాలి? కరణం దాన్ని కొ-నొ-సొ అని విడగొట్టాడు. చివరి 'స్' రాలిపోయింది. మన పల్లెల్లో ప్రసాదాన్ని పరసాదం అన్నట్టుగా, బంగారానికి గ్రీకు మాట ఖ్రూసోస్ కు-రు-సొ అయింది. ర, ల రెండింటికీ ఒకటే అక్షరం కాబట్టి తేనె, అంటే మెలి, మె-రి అయింది. క, ఖ, గ తేడా కూడా లేదు. ఈ లిపి గ్రీకు కోసం పుట్టింది కాదు. క్రీట్ ద్వీపంలో వేరే భాషకు వాడుతున్న లీనియర్ ఎ లిపిని తెచ్చి గ్రీకుకు తొడిగారు. కొలత సరిపోని చొక్కాతోనే 200 ఏళ్ల పైబడి కాలక్షేపం చేశారు.

ఆ ఇబ్బందే తర్వాతి కాలపు పండితులకు తాళంకప్ప అయింది. 1900లో ఆర్థర్ ఎవాన్స్ క్నోసోస్‌లో తవ్వకాలు మొదలుపెట్టిన కొద్ది రోజులకే పలకలు బయటపడ్డాయి. అవి గ్రీకు కావని ఆయన 1941లో చనిపోయేదాకా నమ్మాడు. న్యూయార్క్ బ్రూక్లిన్ కాలేజీలో పాఠాలు చెప్పే ఆలిస్ కోబర్ ఈ భాష ఏదన్న ఊహలన్నీ పక్కనపెట్టి, అక్షరాలు ఎక్కడెక్కడ ఎలా మారుతున్నాయో చీటీల మీద రాసుకుంటూ పోయింది. కాగితం కరువైన యుద్ధకాలంలో గ్రీటింగ్ కార్డుల వెనక వైపులు కూడా కత్తిరించి వాడింది. కొన్ని మాటలకు మొదలు ఒకేలా ఉండి చివరి అక్షరం మాత్రం మారుతోందని ఆమె పట్టుకుంది. ఊరు, ఊరి, ఊర అన్న మూడు మాటలు తీసుకోండి. చివర రు, రి, ర ఉన్నాయి. ఆ అక్షరాల ఉచ్చారణ తెలియనివాడు కూడా, విభక్తిని బట్టి మాట మారుతోందని గ్రహిస్తే, ఆ మూడింటిలో ఉన్న హల్లు ఒకటేనని చెప్పగలడు. కోబర్ చేసింది అదే. పని పూర్తికాకుండానే 1950లో 43 ఏళ్లకు కన్నుమూసింది.

ముడి విప్పినవాడు మైకేల్ వెంట్రిస్. వృత్తి భవన నిర్మాణ శిల్పం. 14 ఏళ్ల బడిపిల్లవాడిగా 1936లో లండన్‌లో ఎవాన్స్ మాట విన్నప్పటి నుంచి ఈ లిపి అతన్ని వదల్లేదు. హల్లులు ఒక వైపు, అచ్చులు ఒక వైపు పెట్టి గడుల పట్టిక కట్టాడు. మన పెద్దబాలశిక్షలో గుణింతాల పేజీ లాంటిదే, కాకపోతే చాలా గడులు ఖాళీ. కోబర్ గుర్తించిన మాటల్లో కొన్ని క్రీట్ ఊళ్ల పేర్లేమోనని క్నోసోస్, అమ్నిసోస్ పేర్లు పెట్టి చూశాడు. గడులు ఒకదాని వెంట ఒకటి నిండుతూ పోయాయి. ఎట్రుస్కన్‌కు దగ్గరి భాష బయటపడుతుందని ఎదురుచూసినవాడికి గ్రీకు మాటలు వినిపించాయి. 1952 జులై 1న బీబీసీ రేడియోలో ఆ సంగతి చెప్పాడు. నమ్మనివారు చాలామందే ఉన్నారు. మరుసటి ఏడు పైలోస్‌లో తవ్విస్తున్న కార్ల్ బ్లెగెన్, కొత్తగా దొరికిన ముక్కాలి పాత్రల పలకకు వెంట్రిస్ అక్షరాలు పెట్టి చదివాడు. నాలుగు పిడులు అన్నచోట బొమ్మలోనూ నాలుగు పిడులే. పిడి లేనిది అన్నచోట బొమ్మకూ పిడి లేదు. నోళ్లు చాలావరకు మూతపడ్డాయి.

ఎథెన్స్ నుంచి కలమాటా మీదుగా పైలోస్ వైపు దారి పొడవునా ఆలివ్ తోటలే. ఎంగ్లియానోస్ గుట్ట మీద ఉన్న కోటకు బ్లెగెన్ హోమర్ కావ్యాల ముసలి రాజు పేరు మీద నెస్టర్ ప్రాసాదం అని పేరు పెట్టాడు. 1939 ఏప్రిల్ 4న ఇక్కడ తొలి కందకం తవ్వారు. అది సరిగ్గా దస్తావేజుల గది మీదే పడింది. ఆ ఒక్క ఏడాదిలోనే 600కు పైగా పలకలు, ముక్కలు దొరికాయి. అంతలో యుద్ధం వచ్చింది. పలకలు ఎథెన్స్‌లో బ్యాంకు నేలమాళిగకు చేరాయి.

ఇప్పుడు శిథిలాల మీద విశాలమైన కప్పు వేశారు. 2016లో తెరిచిన ఈ ఏర్పాటులో సందర్శకులు ఎత్తైన వంతెనల మీద నడుస్తూ కిందికి చూస్తారు. గోడలు నడుము ఎత్తుకు మించవు గాని, పైనుంచి చూసేసరికి ఇల్లంతా పటం గీసినట్టు అర్థమవుతుంది. మధ్యలో సింహాసనం గది, అందులో నాలుగు మీటర్ల వెడల్పున్న గుండ్రటి పొయ్యి. ఒక చిన్న గదిలో మట్టి స్నానపు తొట్టి. వెనక గదుల్లో నూనె జాడీలు. ఒక్క గదిలోనే కాడ ఉన్న తాగుడు గిన్నెలు 2,800కు పైగా దొరికాయి. ముఖద్వారం దాటగానే ఎడమ చేతి వైపు రెండు చిన్న గదులు ఉన్నాయి. అవే కరణాల కచేరీ. పెళ్లి ఇంట్లో సామాన్ల గది పాటి కూడా ఉండవు.

పలకలు ఉండాలని ఎవరూ అనుకోలేదు. మట్టి ముద్దను చరిచి, రాసి, ఆరబెట్టడమే. లెక్క ముగిశాక నీళ్లలో నానేసి మళ్లీ పిసకవచ్చు. అందుకే వాటిలో ఉన్నవి 'ఈ ఏటివి', 'నిరుటివి' అన్న లెక్కలే. క్రీస్తుపూర్వం 1180 ప్రాంతంలో కోట తగలబడింది. ఇల్లు బుగ్గి అయిన మంటే పలకలను ఇటుకల్లా కాల్చి నిలబెట్టింది. కాలని పలక గతేమిటో క్నోసోస్‌లో తెలిసింది. అక్కడ భద్రపరిచిన గది కప్పు కారి, కొన్ని పలకలు మళ్లీ బురద ముద్దలయ్యాయి.

పైలోస్ లెక్కల్లో ఎవరున్నారు? 700 మందికి పైగా ఆడవాళ్లు, వాళ్ల పిల్లలు, వాళ్లకు కొలిచిచ్చిన ధాన్యం, అత్తి పండ్లు. నూలు వడికేవారు, తిరగలి విసిరేవారు, స్నానాల గది పనివాళ్లు. కొందరి గుంపు పేర్లలోనే సముద్రం అవతలి ఊళ్లున్నాయి: మిలేటస్, క్నిడోస్, లెమ్నోస్. సముద్రతీరానికి కాపలా పెట్టిన మనుషుల జాబితా ఒకటి. రథచక్రాలు, కంచు, గొర్రెలు. కవిత్వం ఒక్క ముక్క లేదు. ప్రార్థన లేదు.

దేవుళ్లు మాత్రం ఉన్నారు, ఖర్చు కాలమ్‌లో. జ్యూస్, హేరా, పొసైడన్, హెర్మిస్ పేర్లు అప్పటికే ఉన్నాయి. క్నోసోస్ పలక ఒకటి దేవుళ్లందరికీ కలిపి ఒక జాడీ తేనె రాసింది. దాని కింద లాబిరింత్ దేవికి ఆమె ఒక్కదానికే ఒక జాడీ తేనె. ఎవరి పలుకుబడి ఎంతో కరణం వేరే చెప్పనక్కర్లేదు. డయొనైసస్ గ్రీసుకు ఆలస్యంగా వచ్చిన పరదేశి దేవుడని పండితులు చాలాకాలం వాదించారు. 1990లో క్రీట్‌లోని ఖానియాలో దొరికిన ఒక చిన్న పలక జ్యూస్ గుడిలో డయొనైసస్‌కు తేనె ముట్టినట్టు చెప్పింది. ఆ తేనెతో ఆ వాదన తేలిపోయింది.

పైలోస్ పలకల్లో నన్ను ఎక్కువసేపు ఆపింది మాత్రం ఒక భూమి తగాదా. ఇక్కడ భూముల పట్టీలున్నాయి, మన అడంగళ్ల లాంటివి. ఎవరి చేతిలో ఎంత నేల, ఏ హక్కు కింద, ఎంత గింజ పడుతుంది అన్న వివరాలు. అందులో ఎరిత అనే పూజారిణి పేరుంది. తన చేతిలోని నేల దేవత పేరిట ప్రత్యేక హక్కుతో వచ్చిందని ఆమె అంటోంది. మన మాటల్లో మాన్యం. ఊరి సముదాయం ఒప్పుకోదు. అది ఊరి భూమి, ఆమెది మామూలు కౌలు మాత్రమేనని దాని పట్టు. సముదాయానికి వాడిన మాట 'దామోస్'. డెమోక్రసీ అన్న మాటలో మొదటి సగం అదే.

కరణం ఎవరి పక్షమూ తీసుకోలేదు. ఆమె ఇలా అంటోంది, ఊరు ఇలా అంటోంది అని రెండు పక్షాల మాటలూ వరసగా రాసి, నేల కొలత వేసి, తర్వాతి పేరుకు వెళ్లిపోయాడు. దేవుడి మాన్యాల మీద కోర్టుల చుట్టూ తిరిగిన మన ఊళ్లవాళ్లకు ఆ రెండు వరసలకు వ్యాఖ్యానం అవసరం లేదు.

కోట కాలిపోయాక పైలోస్‌లో లెక్కలు రాయించేవాడు లేడు. లెక్కలకు తప్ప ఆ లిపితో ఇక్కడ ఎవరికీ పని లేదు కాబట్టి లిపీ పోయింది. గ్రీసు గడ్డ మీద మళ్లీ రాత కనబడటానికి సుమారు 400 ఏళ్లు పట్టింది. ఈసారి వచ్చినవి ఫినీషియన్ల నుంచి తెచ్చుకున్న అక్షరాలు. ఎరిత భూమి తగాదాకు తీర్పు దొరికిన పలకల్లో ఎక్కడా లేదు.