గాజుగొట్టములో రాణీవాసము

తెలుగువాని ఇంట చీమకు రెండు స్థానములు కలవు. తెల్లవారుజామున వాకిట వేసిన బియ్యప్పిండి ముగ్గును నిర్భయముగా భుజింపదగిన అతిథి స్థానము ఒకటి. ఆ చీమయే గడప దాటి పంచదార డబ్బాను సమీపించిన క్షణమున దానికి లభించు శత్రుస్థానము మరియొకటి. మా చిన్ననాట నేతి గిన్నెయు బెల్లపు డబ్బాయు నీళ్ళు పోసిన పళ్ళెములలో నిలిచి యుండెడివి. పెద్దవారి మంచపుకోళ్ళ క్రింద సైతము నీటి చిప్పలుండెడివి. ఆ జలదుర్గములను గూడ దాటిన వీరులకై లక్ష్మణరేఖ యను సార్థకమైన పేరుతో అంగళ్ళలో అమ్ముచుండిన సుద్దముక్క తెచ్చి గోడల వెంట గీతలు గీచెడివారు. పుణ్యమునకును యుద్ధమునకును నడుమ ఒక్క గడప మాత్రమే సరిహద్దుగా నుండిన అట్టి సంసారములో పుట్టి పెరిగిన నేను, ఇంగ్లండు దేశమునకు వచ్చి, లండను నగరమునకు ఆగ్నేయమున కెంటు పొలిమేరనున్న ఆర్పింగ్టనులో స్థిరపడి, ఉద్యోగము, ఇంటి అప్పు, పిల్లల చదువు మొదలగు ప్రవాస వ్యవహారములన్నియు ఒక గాడిలో పడిన పిమ్మట, బుద్ధిపూర్వకముగా ఒక రాణిచీమను ఇంటికి తెచ్చి పెంచుచున్నానని తెలిపినప్పుడు, స్వదేశమందలి బంధువులు దానిని చలిదేశపు చాపల్యములలో నొకటిగా గణించి ఊరకుండిరి.

ఇచటి తోటలలోను, కాలిబాట రాళ్ళ సందులలోను కాపురముండు సామాన్యమైన నల్లచీమకు శాస్త్రనామము లేసియస్ నైగర్. వేసవి నడిమికాలమున, ముఖ్యముగా జులై, ఆగస్టు నెలలలో, గాలి పడిపోయి ఉక్కపోయుచున్న ఒక అపరాహ్ణమున, ఈ చీమల పుట్టల నుండి రెక్కల చీమలు వేలకొలది వెడలి గగనమున కెగయును. మన ఊళ్ళలో తొలకరి వానకు దీపముల చుట్టు మూగు ఉసుళ్ళను చూచిన కంటికి ఈ దృశ్యము పరిచితముగా తోచవచ్చును గాని, అవి చెదలజాతివి, ఇవి చీమలు. దేశమంతట ఇది ఒక్కనాడే జరుగునని ఇచటివారి చిరకాల విశ్వాసము. రాయల్ సొసైటీ ఆఫ్ బయాలజీ వారు 2012 మొదలు కొన్ని సంవత్సరములు ప్రజలచేత వివరములు సేకరింపజేసి పరిశీలింపగా, అట్టి ఏకైక దినము లేదనియు, ఉష్ణోగ్రత 13 డిగ్రీలకు మించి, గాలి వేగము సెకనుకు 6.3 మీటర్లకు లోబడి యున్నప్పుడే ఇవి ఎగురుననియు తేలినది. విహారము ముగిసిన వెంటనే మగచీమలు మరణించును. ఫలించిన రాణి నేలకు దిగి, తన రెక్కలను తానే విరిచివేసికొని, తలదాచుకొనదగిన బొరియకై కాలిబాటలపై పరుగులిడును. పక్షులు, సాలెపురుగులు, పరాయి పుట్టల చీమలు, పాదచారుల బూట్లు, వీనినన్నిటిని తప్పించుకొని బ్రదుకు రాణులు బహుస్వల్పము. రెక్కలు విడిచిన రాణినే పట్టుకొనవలెను; రెక్కలున్నది ఇంకను కన్యయై యుండవచ్చును. ఎనిమిది, తొమ్మిది మిల్లీమీటర్ల పొడవుండి, బరువైన పొట్టతో నిగనిగలాడు దానిని గుర్తించుటకు పాండిత్యము అక్కరలేదు. తెచ్చుటకు ఖాళీ అగ్గిపెట్టె చాలును.

దాని తొలి గృహము ఒక గాజుగొట్టము. బడి ప్రయోగశాలలలో పరీక్షనాళిక యని పిలుచు దానిలో మూడవ వంతు నీరు పోసి, ఆ నీటిని తాకునట్లు ఒక దూది ఉండ బిగించి, పొడిగా మిగిలిన గదిలో రాణిని ప్రవేశపెట్టి, మూతికి మరియొక దూది ఉండ నడ్డుపెట్టి, చీకటి బీరువాలో నుంచవలెను. అప్పుడు దానికి ఆహారముతో పనిలేదు. ఎగురుట కుపయోగపడిన బలిష్ఠమైన కండరములు ఇక నిష్ప్రయోజనములు గనుక, దాని దేహము వానిని కరగించి, ఆ సారముతోను, నిలువచేసికొన్న కొవ్వుతోను తొలి సంతానమును పోషించును. గ్రుడ్డు పిల్లపురుగై, గూటిలో నిద్రించి, చీమయై వెలువడుటకు వెచ్చని ఇంటిలో ఆరు మొదలు ఎనిమిది వారములు పట్టును. ఒంటరితనమును జూచి జాలిపడి ఇద్దరు రాణుల నొకే గొట్టములో నుంచరాదు. తొలి కూలిచీమలు పుట్టువరకు అవి అక్కచెల్లెండ్రవలె మెలగును. పుట్టిన పిదప సామాన్యముగా ఒక్క రాణియే ప్రాణములతో మిగులును.

ఇచటి తెలుగు మిత్రుడొకరు ఈ కండరముల వృత్తాంతము విని, "మనమూ అంతే కదండీ, రెక్కలు కరిగించుకుని పిల్లల్ని పెంచుకుంటున్నాం" అని నిట్టూర్చిరి. పోలిక వినుట కింపుగానే యున్నది. నాకు మాత్రము సమ్మతము గాదు. రాణి వెనుకకు చూడదు, ఆదివారము ఉదయమున పుట్టినింటికి ఫోను చేయదు, సంక్రాంతికి విమానపు టిక్కెట్ల ధరలు విచారింపదు, ఆవకాయ తెప్పించుకొనదు. మన రెక్కలు కరగలేదు, సెలవులు దొరికినప్పుడెల్ల వానిని వాడుచునే యున్నాము. చీమను చూచునపుడు చీమనే చూచుట మేలు.

ఈ దశలో పెంచువాని కర్తవ్యము ఏమియు చేయకుండుట. ఈ వ్యాసంగములో ఇంతకంటె కఠినమైన పని మరియొకటి లేదు. గొట్టమును వెలుతురులోనికి తీసిన ప్రతిసారియు రాణి కలవరపడును. కలవరము మితిమీరినచో తన గ్రుడ్లను తానే తినివేయును. విస్తరి ముందు కూర్చున్నవాడు చేయి అడ్డుపెట్టినను మరియొక గరిటెడు వడ్డించుటయే వాత్సల్యమని నేర్చిన మనకు, కంటికి ప్రియమైనదానిని కనులకు దూరముగా నుంచుట స్వభావవిరుద్ధము. మా అమ్మగారు గుంటూరు నుండి వేసిన ప్రశ్న నాకీ విషయమున మిక్కిలి తోడ్పడినది. "చీమకు ఇంత పిండి వేస్తే పుణ్యంరా నాయనా, పట్టుకొచ్చి గొట్టంలో పెడితే పుణ్యమెక్కడిది?" అని ఆమె యడుగగా, వీథిలో విడిచినచో అది నూటికి తొంబది పాళ్ళు చచ్చునదే యని నేను వాదించితిని. "దాని దారిన అది చస్తుంది. నీ చేతిలో ఎందుకు చావాలి?" అనెను. దీనికి నా యొద్ద నేటికిని సమాధానము లేదు. కాని బీరువా తలుపు మీదికి పోయిన నా చేతిని ఆ మాట అనేక పర్యాయములు వెనుకకు లాగినది.

మా ఇంటికి కొలది మైళ్ళ దూరమున హై ఎల్మ్స్ అను వనము కలదు. ఇప్పుడు ప్రజలకు విహారస్థలమైన ఆ చోట పూర్వము జాన్ లబ్బక్ మహాశయుని భవనముండెడిది. 1967లో అది అగ్నికి ఆహుతియైనది. ఆయన బ్యాంకరు, పార్లమెంటు సభ్యుడు, పొరుగు గ్రామమగు డౌనులో నివసించిన డార్వినునకు బాల్యము నుండి శిష్యప్రాయుడు. ఈ దేశపు ఉద్యోగులు నేటికిని అనుభవించు బ్యాంకు సెలవులకు మూలము 1871లో ఆయన ప్రవేశపెట్టిన చట్టమే. ఇన్ని వ్యాపకముల నడుమ ఆయన చీమలను పెంచి, తన పరిశీలనములను 1882లో గ్రంథముగా వెలువరించెను. రెండు గాజుపలకల నడుమ, చీమ తిరుగుటకు చాలినంత పలుచగా మన్ను పరచి గూళ్ళు కట్టి, చీమలు పారిపోకుండ చుట్టును నీటి కందకము నేర్పరచెను. చీమ లోపలికి రాకుండ మా ఇంట నేతి గిన్నె చుట్టు పోసిన నీటినే, వెలుపలికి పోకుండ ఈ దొర పోసినాడన్నమాట! చీమలకు మత్తెక్కించి త్రోవలో పడవేసి, తక్కినవి ఏమి చేయునో చూచినవాడు గూడ ఈయనయే. తమ గూటివానిని అవి చాలవరకు ఇంటికి మోసికొనిపోయెను. పరాయివానిని నీటిలోనికి నెట్టెను. రంగుటద్దములు కప్పి, చీమలు ఊదారంగును తప్పించుకొని ఎరుపు క్రింద చేరుననియు, మన కంటికి కనబడని అతినీలలోహిత కాంతి వానికి గోచరించుననియు ఆయన తెలిసికొనెను. ఆయన పెంచిన రాణి యొకటి సుమారు 15 ఏండ్లు బ్రదికెను. నల్లచీమల రాణి పెంపకములో 28 ఏండ్లకు పైగా జీవించినట్లు తరువాతి వారు వ్రాసిరి. ఈ సంఖ్యను మా ఆవిడకు నేనింకను చెప్పియుండలేదు.

కూలిచీమలు పాతిక ముప్పది యగువరకు గొట్టమే చాలును. ఆ పిదప గూడు కట్టవలెను. ఆక్రిలిక్ పలకల గూడు చూపులకు సొగసైనది గాని తేమను పట్టి యుంచదు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోత పోయుట సులభము గాని త్వరలో బూజుపట్టును, చీమలు దానిని త్రవ్వును. నాకు నచ్చినది ఏఏసీ ఇటుక. హైదరాబాదులో నేడు బహుళ అంతస్తుల గోడలకు వాడుచున్నది ఇదియే. తయారీలో అల్యూమినియపు పొడి కలియుటచే వాయువు పుట్టి, దేహమంతయు సూక్ష్మరంధ్రమయమై, చేతికి తేలికగాను నీటిని పీల్చునదిగాను ఉండును. దానిని తొలుచుటకు ఉలియును అక్కరలేదు. పాత స్క్రూడ్రైవరుతో గీచినచో కొబ్బరి కోరినట్లు రాలును. ఆ ధూళి ఊపిరితిత్తులకు హానికరము గనుక ముక్కు కప్పుకొని, ఇటుకను తడిపి, ఆరుబయట కూర్చుండి చేయవలెను. పెన్సిలుతో పటము గీచి, ఒక సెంటీమీటరు లోతున నాలుగైదు గదులును, వానిని కలుపు సన్నని దారులును తొలిచితిని. ఒక కొనను, గదులతో సంబంధము లేకుండ, నీరు పోయుటకు వేరుగా తొట్టి త్రవ్వితిని. కౌశలమంతయు ఈ తొట్టియందే యున్నది. అందులో పోసిన నీరు ఇటుకలోనికి క్రమముగా ప్రాకి, తొట్టికి సమీపపు గది చెమ్మగాను, దూరపు గది పొడిగాను ఉండును. చీమలు గ్రుడ్లను పిల్లపురుగులను చెమ్మవైపునను, గూళ్ళలో నిద్రించు వానిని పొడివైపునను చేర్చుకొనును. నీరు తగ్గినదా, సామానంతయు మోసికొని మరియొక గదికి పోవును. ఏ గది పడకటిల్లో, ఏది పురుటిల్లో నిర్ణయించు అధికారము కట్టినవానికి లేదు.

పైభాగమును గరుకుకాగితముతో చదును చేసి గాజుపలక బిగించితిని. అర మిల్లీమీటరు సందున్నను తొలితరపు చీమ దూరిపోవును గనుక ఇచట నిర్లక్ష్యము పనికిరాదు. గాజుపై ఎర్రని పలుచని కాగితము కప్పినచో, లబ్బక్ చూపినట్లు, చీమకు చీకటిగాను మనకు వెలుతురుగాను ఉండును. గూటి నుండి ఒక ప్లాస్టిక్ గొట్టము మేతకు పోవు పెట్టెలోనికి సాగును. ఆ పెట్టె అంచులకు సర్జికల్ స్పిరిటులో కలిపిన టాల్కం పౌడరు పూసితిని. స్పిరిటు ఆరిపోగా మిగిలిన నునుపైన పొడిమీద చీమ కాలు నిలువదు. మా ఆవిడ దూరము నుండి చూచి, "ఏమండీ, అక్కడ చీమలు రాకుండా సుద్దగీతలు, ఇక్కడ పోకుండా పౌడరు గీతలా? బాగుంది వరస" అని లోపలికి పోయెను.

క్రొత్త ఇంటిలోనికి వానిని దులిపి పోయరాదు. గొట్టమును పెట్టెలో నుంచి, దానిపై వెలుతురు పడనిచ్చి, గూటిని చీకటిగా నుంచినచో, చీమలు తమంతట పరిశీలించుకొని, తమకు నచ్చిననాడు తరలిపోవును. అది మరునాడు కావచ్చును, మరుసటి నెల కావచ్చును. పెద్ద ఇల్లు కట్టితినను గర్వము కట్టినవానికే గాని వానికి లేదు. సంఖ్యకు మించిన గదులను అవి చెత్తకుప్పలుగా వాడుకొనును. అందుచే నేను దూరపు గదులను తడి ఇసుకతో పూడ్చియుంచితిని. కావలసినప్పుడు అవియే త్రవ్వుకొనును. మేతకు ఒక బొట్టు పంచదార పానకమును, చిన్న ఈగ యొకటియు చాలును. పెరిగిన చీమ నడుము సన్నము, ద్రవము తప్ప మింగలేదు. ఘనాహారమును పిల్లపురుగులే తిని జీర్ణించుకొనును. కూలిచీమ త్రాగిన పానకమును ప్రత్యేకమైన పొట్టలో దాచి నోటితో తక్కిన వానికి పంచిపెట్టును.

నవంబరు మొదలు ఫిబ్రవరి వరకు వానికి నిద్ర కావలెను. ఐదు మొదలు పది డిగ్రీల చలి కావలెను. మాకు గ్యారేజీ లేదు గనుక ఫ్రిజ్జులో కూరగాయల సొరుగే గతి. ఆవకాయ సీసా ప్రక్కన చీమల రాజధానిని ఉంచుటకు గృహిణి అనుమతి సంపాదించిన విధము సుదీర్ఘమైన కథ. దానిని వ్రాయుటకు అనుమతి లేదు.

ఈ వినోదమునకు పూనుకొన దలచు తెలుగు పాఠకులకు నా విన్నప మొక్కటి: ఏ దేశమున నున్నారో ఆ దేశపు చీమనే, తమ వీథిలో దిగిన రాణినే పెంచుకొనుడు. 2025 ఏప్రిలులో కెన్యాలో ఇద్దరు బెల్జియం యువకులు సుమారు 5,000 చీమలను గొట్టములలో దాచి తరలించబోయి పట్టుబడిరి; మరుసటి నెలలో న్యాయస్థానము ఒక్కొక్కరికి పది లక్షల కెన్యా షిల్లింగుల జరిమానా, లేనిచో పండ్రెండు నెలల చెరసాల విధించెను. ఇంగ్లండులో పరదేశపు ప్రాణిని వెలుపల విడుచుట 1981 నాటి వన్యప్రాణి చట్టము ప్రకారము నేరము. చట్టము లేకున్నను, ఒక్క రాణి తప్పించుకొనినచో ఇచటి పుట్టలకు ఎట్టి ముప్పు వచ్చునో ఎవరు చెప్పగలరు? సెలవులకు ఇంటికి పోయి వచ్చునపుడు పెట్టెలో కందిపొడి తెచ్చుకొనుడు, మాగాయ తెచ్చుకొనుడు. మామిడితోటలోని చీమను మాత్రము తోటలోనే ఉండనిండు.