కలివి కోడి

మాది కూచిపూడి. కృష్ణా డెల్టాలో వరిచేలు, కాలువలు, కొంగలు తప్ప కనుచూపుమేరలో కొండ కనబడదు. అటువంటి నన్ను కడప కొండల కింది ముళ్ళపొదల్లో తిరిగే ఒక పిట్ట కథ కొన్నాళ్ళుగా వదలడం లేదు.

దాని పేరు కలివి కోడి. 1848లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ సంగ్రహాలయాన్ని చూసే ఎడ్వర్డ్ బ్లైత్ దానిని తొలిసారి వర్ణించి, మెడకూ రొమ్ముకూ అడ్డంగా ఉన్న రెండు పట్టీలను బట్టి 'బైటార్క్వాటస్' అని లాటిన్ పేరు పెట్టాడు. దానిని కనుగొన్న వైద్యుడు జెర్డాన్ పేరిట ఇంగ్లీషులో 'జెర్డాన్స్ కోర్సర్' అయింది. బ్లైత్ దానిని ఉంచిన ప్రజాతి తరువాత మారింది. ఇప్పుడది రైనోప్టిలస్ ప్రజాతిలో ఉంది. 1900లో అనంతపురం ప్రాంతంలో కనిపించాక ఎనభై ఆరేళ్ళు జాడ లేదు. అంతరించిందనే పండితులు భావించారు.

1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ సిద్ధవటం ప్రాంతంలో దానికోసం వెతికాడు. అక్కడి వేటగాళ్ళకు అది తెలిసిన పిట్టే! ఐతన్న అనే ఆయన రాత్రివేళ టార్చి వెలుగులో ఒకదానిని పట్టి తెచ్చాడు. పగలు దాగి రాత్రి తిరిగే పిట్ట, పగటి వెతుకులాటకు చిక్కుతుందా?

పోయింది పుస్తకాలలోనే, ఆ పల్లెల నోట దాని పేరు పోలేదు. ఈ మాట నాకు వింతగా తోచదు. మా ఊళ్ళో అడుగులు పుస్తకం చూసి నేర్చినవారు లేరు, గురువు పాదాన్ని చూసి నేర్చినవారే. రాయనంత మాత్రాన లేనట్టు కాదు.

అయితే రాసిన పేరుకూ ఒక బలముంది. శాస్త్రం గుర్తించిన పిట్ట గనుకనే లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది, తెలుగుగంగ కాలువ తోవ మార్చుకుంది. నోటి పేరు పిట్టను చూపింది; రాతలోని పేరు దాని నేలను కొంతైనా కాచింది. రెంటిలో ఏది లేకున్నా కథ మరోలా ఉండేది.

ఆ తరువాత మళ్ళీ ఏళ్ళ తరబడి అది కనబడలేదు. 2025 ఆగస్టులో చీకట్లో దాని కూత మాత్రం వినిపించింది. ఆ కూతను పోల్చుకోగల పెద్దలు ఇంకెందరున్నారో! మిత్రులారా, మీ ఊరి పిట్టలను మీ తాతలు ఏ పేర్లతో పిలిచేవారో అడిగి, ఇప్పుడే రాసిపెట్టుకోండి.