కోల్‌కతాలో చీనా వాడ

దేశాటనం లోకజ్ఞానాన్ని పెంచుతుందని పెద్దలు చెబుతారు. మన వంటి కర్మాగారాలలో పనిచేసేవారికి ఆ అవకాశం తరచుగా శిక్షణ రూపంలోనే లభిస్తుంది. మన సహోద్యోగులలో కొరియాకు, జపానుకు శిక్షణకై వెళ్ళి వచ్చినవారు అక్కడి ఆచార వ్యవహారాలను వర్ణిస్తుంటే క్యాంటీన్‌లో మనమందరం చెవులప్పగించి విన్నవాళ్ళమే. కొరియాలో చెప్పులు గుమ్మం దగ్గరే విడుస్తారనీ, పెద్దలకు ఏదైనా రెండు చేతులతో అందిస్తారనీ, పూటపూటకూ కారం పెట్టి ఊరవేసిన 'కిమ్చి' ఉండి తీరవలసిందేననీ విన్నప్పుడు మన ఆవకాయ జాడీ గుర్తుకు రాక మానదు. గత వేసవిలో మా ఐదుగురు ఇంజనీర్లకు శిక్షణ ఉత్తర్వులు వచ్చాయి. అయితే వాటిలో ఉన్న పేరు సియోల్ కాదు, కోల్‌కతా. మూడు వారాల ఆ శిక్షణలో, పాస్‌పోర్టు అవసరం లేకుండానే, ఒక తూర్పు ఆసియా జాతి జీవన విధానాన్ని సమీపం నుండి చూసే భాగ్యం మాకు కలిగింది. దానిని పాఠక మిత్రులతో పంచుకొనడమే ఈ వ్యాసం ఉద్దేశం.

విశాఖపట్నం నుండి హౌరాకు దూరం సుమారు 880 కిలోమీటర్లు. తెల్లవారుజామున ఖరగ్‌పూర్‌లో బండి ఆగినప్పుడు ప్లాట్‌ఫారంపై తెలుగు మాటలు వినబడి మాకు ఆశ్చర్యం కలిగింది. నిజానికి ఆశ్చర్యపడవలసినది ఏమీ లేదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుండి వేలాది కుటుంబాలు పనికోసం అక్కడికి తరలి వెళ్ళాయి. 1920ల చివరలో ఆ రైల్వే కార్మికోద్యమానికి నాయకత్వం వహించిన వి.వి.గిరి గారు 1969లో రాష్ట్రపతి పదవిని అలంకరించారు. పని ఉన్నచోటికి మనిషి వెళతాడు. మనిషితోపాటు అతని భాష, వంట, దేవుడు కూడా వెళతారు. ఈ సంగతి కోల్‌కతాలో మాకు మరింత స్పష్టంగా బోధపడింది.

మొదటి ఆదివారం ఉదయం 6 గంటలకే మేము టిరెట్టా బజారు చేరుకున్నాము. లాల్‌బజార్ పోలీసు కేంద్ర కార్యాలయానికి సమీపంలో, మెట్రో సెంట్రల్ స్టేషన్ నుండి నడిచి వెళ్ళగలిగిన దూరంలో ఉన్నదీ ప్రదేశం. పద్దెనిమిదవ శతాబ్దంలో ఇక్కడ స్థిరపడిన ఎడ్వర్డ్ టిరెట్టా అనే వెనిస్ దేశస్థుని పేరు ఈ బజారుకు నిలిచిపోయింది. ఆదివారం తెల్లవారగానే వీధి అంచున అల్యూమినియం గిన్నెలు, వెదురు పళ్ళేలు వెలుస్తాయి. పొద్దెక్కేసరికి అంతా సర్దుకొని వెళ్ళిపోతారు. ఈ ఫలహారాల సంత చీనా కుటుంబాల పుణ్యమా అని మొదలైనదే అయినా, ఇప్పుడు అమ్మేవారిలో ఇతరులూ చాలామంది కనబడతారు.

అక్కడి వంటకాలు పేరుకు కొత్తవే గాని, పరకాయించి చూస్తే పరాయివి కావు. ఆవిరి మీద ఉడికిన 'బావో' మన కుడుములకు దగ్గర చుట్టం. లోపల తీపి ముద్ద పెట్టి, పైన నువ్వులు అద్ది, నూనెలో వేయించిన ఉండ మన పూర్ణం బూరెకు తోబుట్టువు. మాలో ఒకరు శుద్ధ శాకాహారి. వారి ఫలహారం ఆ ఉండలతోనే సరిపోయింది. మిగిలినవారం చేప ఉండలు వేసిన వేడి పులుసు తాగాము. బియ్యాన్ని ఆకులో పొట్లంగా కట్టి ఉడికించే 'జోంగ్‌జి'ని చూడగానే మాలోని కోనసీమ మిత్రుడు "ఇవి మా పొట్టిక్కలే!" అన్నాడు. మనం పనసాకు వాడతాము, వారు వెదురాకు వాడతారు. చీనా పంచాంగంలో అయిదవ నెల అయిదవ నాడు, అంటే ఇంచుమించు మన జ్యేష్ఠమాసంలో, నదిలో ప్రాణత్యాగం చేసిన చూ యువాన్ అనే ప్రాచీన కవి స్మృత్యర్థం ఈ వంటకం చేస్తారట. ఒక కవిని రెండు వేల సంవత్సరాలకు పైగా వంటింటిలో స్మరించుకుంటున్న జాతి అది.

చీనా వారు ఈ నగరానికి ఎలా వచ్చారు? వారెన్ హేస్టింగ్స్ కాలంలో, 1778 ప్రాంతంలో, టోంగ్ అచ్యూ అనే వర్తకునికి బజ్‌బజ్ సమీపాన హుగ్లీ ఒడ్డున భూమి లభించింది. అతడు స్వదేశం నుండి పనివారిని రప్పించి చెరకు తోట వేయించి, చక్కెర మిల్లు నెలకొల్పాడు. ఆ గ్రామం నేటికీ అతని పేర 'అచీపూర్'గానే పిలువబడుతోంది. తరువాత వచ్చినవారు ఒక్కొక్క ప్రాంతం నుండి ఒక్కొక్క వృత్తితో వచ్చారు. కాంటన్ వారు వడ్రంగులై ఓడల మరమ్మతులలో కుదురుకున్నారు. హుబే వారు దంతవైద్యం చేపట్టారు. హక్కా వారు తోళ్ళ పరిశ్రమను, బెంటింక్ వీధిలో చెప్పుల దుకాణాలను నడిపారు. మన ఊళ్ళలో కులవృత్తులున్నట్లే అక్కడ ప్రాంతవృత్తులు ఏర్పడ్డాయి.

టిరెట్టా బజారు సందుల్లో వారి దేవాలయాలున్నాయి. వాటిని స్థానికులు 'చర్చి' అనడం వినడానికి విచిత్రంగా ఉంటుంది. ఛాతావాలా గల్లీలోని సీ ఇప్ ఆలయం ప్రస్తుత భవనం 1905 నాటిది. అక్కడి అధిదేవత కువాన్ యిన్, కరుణామూర్తి. మన బౌద్ధంలోని అవలోకితేశ్వరుడే చీనాకు వెళ్ళి స్త్రీరూపం దాల్చి కువాన్ యిన్‌గా పూజలందుకుంటున్నాడు. అమరావతి, నాగార్జునకొండల నేలనుండి వెళ్ళిన మాకు ఆ మూర్తి ఎదుట నిలబడినప్పుడు, పుట్టింటినుండి వెళ్ళిన ఆడపడుచును అత్తవారింట చూసినట్లు అనిపించింది. సమీపంలోని టూంగ్ ఆన్ ఆలయంలో మూడవ శతాబ్దపు సేనాని కువాన్ యూ కొలువై ఉన్నాడు. ఒకప్పుడు ఆ భవనం కింది అంతస్తులోనే నగరంలో పేరుపొందిన 'నాన్‌కింగ్' భోజనశాల ఉండేది.

రెండవ ఆదివారం తూర్పు దిక్కున ఉన్న టాంగ్రాకు వెళ్ళాము. ఇంజనీర్లము గనుక మాకు అక్కడి భోజనశాలలకంటె తోళ్ళ కర్మాగారాల కథపై ఎక్కువ ఆసక్తి కలిగింది. పచ్చితోలును సున్నపునీటిలో నానబెట్టి, వెంట్రుకలు తొలగించి, పెద్ద చెక్క పీపాలలో క్రోమియం లవణాలతో తిప్పితే అది నీలి ఛాయ దాల్చి కుళ్ళని తోలుగా మారుతుంది. మన దక్షిణ దేశంలో ఒకప్పుడు ఇదే పనికి తంగేడు చెక్క వాడేవారు. క్రోమియం పద్ధతి త్వరగా పూర్తవుతుంది గాని, మిగిలిపోయే నీరు విషతుల్యం. శుద్ధి చేయని ఆ నీరు బహిరంగ కాలువల్లో పారుతూ వచ్చింది. ఎం.సి.మెహతా వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో తీర్పు చెబుతూ, టాంగ్రా, తిల్‌జలా, తోప్సియా, పగ్లాడాంగా ప్రాంతాలలోని సుమారు 550 తోళ్ళ కర్మాగారాలను నగరం వెలుపలికి తరలించాలని ఆదేశించింది. వాటికోసం బంతలాలో ఉమ్మడి శుద్ధి కేంద్రంతో కూడిన ప్రత్యేక సముదాయం ఏర్పడింది. వ్యర్థజలాల శుద్ధి ఎంత అవసరమో మన కర్మాగారంలో పనిచేసే ఎవరికైనా తెలుసు. ఆ తీర్పు న్యాయమైనదే. అయితే ఆ వృత్తినే నమ్ముకుని మూడు తరాలుగా బ్రతికిన సమాజానికి అది పునాదిని కదిలించిన తీర్పు కూడా. కొందరు బంతలాకు తరలారు. కొందరు తోళ్ళ షెడ్లనే భోజనశాలలుగా మార్చారు. అనేకులు విదేశాలకు వెళ్ళిపోయారు.

అంతకుముందే వారికి మరొక పెద్ద దెబ్బ తగిలింది. 1962 అక్టోబరులో చీనాతో యుద్ధం వచ్చినప్పుడు, ఈ దేశంలోనే పుట్టి పెరిగిన చీనా సంతతివారిని సుమారు 3 వేల మందిని విచారణ లేకుండానే రాజస్థాన్‌లోని దేవ్‌లీ శిబిరానికి తరలించారు. వారిలో అత్యధికులు అస్సాం, ఉత్తర బెంగాల్, షిల్లాంగ్ ప్రాంతాలవారు. పిల్లలు, వృద్ధులు సైతం అందులో ఉన్నారు. కొందరు నాలుగైదేళ్ళు అక్కడే గడిపారు. విడుదలై వచ్చేసరికి ఇళ్ళు, దుకాణాలు పరుల పాలై ఉండటం చూసినవారెందరో. యుద్ధం చేసింది రెండు ప్రభుత్వాలు, శిక్ష అనుభవించింది పక్కింటివారు. 1937లో రవీంద్రనాథ్ ఠాగూర్ శాంతినికేతన్‌లో చీనా భవనాన్ని ప్రారంభించిన బెంగాల్‌కు పాతికేళ్ళకే ఈ స్థితి రావడం విచారకరం.

టాంగ్రాలో ఒక చిన్న కాళీ ఆలయం ఉంది. దానిని చీనా వారే నెలకొల్పి నిర్వహిస్తూ వచ్చారు. అమ్మవారికి నూడుల్స్, చాప్ సూయ్ నైవేద్యం పెడతారు. దుష్టశక్తులు దరిచేరకుండా చేతితో చేసిన కాగితాలను కాలుస్తారు. హారతి ఇచ్చేది బెంగాలీ పూజారి. ఈ కలయికను ఎవరూ ఉపన్యాసాలిచ్చి సాధించలేదు. ఇరుగుపొరుగు బ్రతుకులే దానిని సాధించాయి.

ఆలయానికి దగ్గరలోని ఒక భోజనశాల యజమాని, డెబ్బై దాటిన పెద్దాయన, మాతో చాలాసేపు ముచ్చటించారు. ఆయన ఇంట్లో హక్కా, బజారులో బెంగాలీ, మాతో హిందీ మాట్లాడారు. వారి తండ్రిగారి తోళ్ళ షెడ్డే ఇప్పటి భోజనశాల. "అప్పుడు ఊరంతా ఇటు రావాలంటే ముక్కు మూసుకునేది. ఇప్పుడు అదే గోడల మధ్య కూర్చుని భోంచేస్తోంది" అని నవ్వారు. కుమారులిద్దరూ కెనడాలో స్థిరపడ్డారు. చీనా నూతన సంవత్సరానికి వస్తే అందరూ కలిసి అచీపూర్‌లోని అచ్యూ సమాధికి వెళతారట. "మనుమలకు ఆ రాతి మీది అక్షరాలు చదవడం రాదు, నేనే చదివి వినిపిస్తాను" అన్నారు. 1969లో మొదలైన చీనా దినపత్రిక 'సియోంగ్ పౌ' 2020లో ఆగిపోయింది. పే మే పాఠశాల పిల్లలు లేక మూతపడింది. ఒకప్పుడు వేలకు వేలుగా ఉన్న చీనా వారు నేడు నగరంలో 2 వేల ప్రాంతంలోనే ఉన్నారని సాధారణ అంచనా. విచిత్రమేమంటే, వారి వంట మాత్రం దేశమంతటా వ్యాపించింది. మన పట్టణాలలో సాయంకాలం బండి దగ్గర తినే మంచూరియాను 1975లో ముంబయిలో మొదట వండినవారు కోల్‌కతాలో పుట్టిన నెల్సన్ వాంగ్ అని ప్రసిద్ధి.

సెలవు తీసుకునేటప్పుడు ఆ పెద్దాయన మమ్మల్ని ఒక ప్రశ్న వేశారు. "మీ టౌన్‌షిప్‌లో పిల్లలు మీ భాష మాట్లాడతారా?" మాట్లాడతారని చెప్పాము. "రాస్తారా?" అని మళ్ళీ అడిగారు. కొందరు రాస్తారని చెప్పి ఊరుకున్నాము.

తిరుగు ప్రయాణంలో ఖరగ్‌పూర్ దాటుతున్నప్పుడు మా మధ్య ఆ ప్రశ్నపైనే చర్చ సాగింది. రైల్వే పనికై వెళ్ళిన తెలుగువారు కాని, తోళ్ళ పనికై వచ్చిన హక్కావారు కాని, పని ఉన్నంతకాలం ఒకచోట గుంపుగా ఉన్నారు. గుంపుగా ఉన్నందువల్ల బడి, పత్రిక, గుడి నిలిచాయి. పని చెదిరితే ముందుగా పోయేది లిపి, చివరిదాకా మిగిలేది వంట. కర్మాగారం చుట్టూ ఏర్పడిన మన టౌన్‌షిప్ కూడా అటువంటిదే. మన పిల్లలు ఉద్యోగరీత్యా ఏ దేశానికి వెళతారో మనకు తెలియదు. వారి వెంట ఆవకాయ ఎలాగూ వెళుతుంది. అక్షరాన్ని మాత్రం మనమే ముందుగా మూటగట్టి ఇవ్వాలి.

ఎల్.టి.సి. మీద కోల్‌కతా వెళ్ళే మిత్రులు విక్టోరియా స్మారక భవనం, దక్షిణేశ్వరం, బేలూరు మఠంతోపాటు ఒక ఆదివారం ఉదయం టిరెట్టా బజారుకు కూడా కేటాయించవలసిందిగా సూచిస్తున్నాము. ఆరింటికే అక్కడ ఉండాలి, ఆలస్యమైతే ఖాళీ గిన్నెలే మిగులుతాయి. ఆలయాలలో చెప్పులు విడిచి, నిశ్శబ్దం పాటించి, అనుమతి తీసుకున్న తరువాతే ఛాయాచిత్రాలు తీయడం మర్యాద. మే నెలలో సాయంకాలం హఠాత్తుగా కాలబైశాఖి గాలివాన వస్తుంది గనుక గొడుగు వెంట ఉంచుకోవాలి.

వచ్చే వేసవి సెలవులలో మన టౌన్‌షిప్ గ్రంథాలయంలో పిల్లలకు ప్రతి ఆదివారం ఉదయం ఒక గంటపాటు తెలుగు చదవడం, రాయడం నేర్పాలని మా ఐదుగురం నిశ్చయించుకున్నాము. ఆసక్తిగల ఉద్యోగులు, ముఖ్యంగా విశ్రాంతి తీసుకుంటున్న పెద్దలు, గృహిణులు మాతో చేయి కలపవలసిందిగా మనవి.