సూర్యలంక బీచ్‌లో త్రిశంకుడు

మూడు నెలలుగా బెంచ్ మీదున్నా. ప్రాజెక్టు ఇవ్వరు, పొమ్మనీ అనరు. ‘త్రిశంకు స్వర్గంలో ఉన్నావురా’ అన్నాడు మా రూమ్మేట్. ఆ త్రిశంకుడు ఆకాశంలో నిజంగానే కనిపిస్తాడని తెలిసి, మే మధ్యలో బాపట్ల దగ్గరి సూర్యలంక బీచ్‌కి బయల్దేరా.

బొందితో స్వర్గానికి వెళ్లబోయిన రాజుని ఇంద్రుడు తోసేస్తే, విశ్వామిత్రుడు దక్షిణాకాశంలో తలకిందులుగా ఆపేశాడని రామాయణ కథ. ఆ చుక్కల గుంపే ఇంగ్లిష్‌లో ‘క్రక్స్’. మొత్తం 88 నక్షత్ర మండలాల్లో ఇదే చిన్నది. ఆస్ట్రేలియా జెండా మీదున్నదీ ఇదే!

రాత్రి తొమ్మిదికి హస్త నక్షత్రం సరిగ్గా దక్షిణాన ఉంటుంది. అక్కణ్నుంచి చూపు నిటారుగా కిందికి దించితే, సముద్రం మీద గాలిపటంలా నాలుగు చుక్కలు. అడుగున మెరిసేది అక్రక్స్. ఎత్తు 11 డిగ్రీలే, అంటే చాచిన చేతి పిడికిలంత. పైన ఎర్రగా గాక్రక్స్. దాని వెలుగు మనల్ని చేరడానికి 88 ఏళ్లు పడుతుంది. ఇప్పుడు కనిపించేది మా తాతయ్య పుట్టకముందు బయల్దేరిన వెలుగన్నమాట.

నన్ను కదిలించింది వేరే విషయం. భూమి అక్షం బొంగరంలా తిరుగుతుండటంతో ఈ చుక్కలు వెయ్యేళ్లకి ఐదు డిగ్రీలకు పైగా దక్షిణానికి జరుగుతున్నాయి. టాలెమీ కాలంలో గ్రీకులు వీటిని సెంటారస్‌లో భాగంగా లెక్కేశారు. తర్వాత గ్రీసు ఆకాశంలోంచే జారిపోయాయి. మన తీరం నుంచి కూడా మెల్లగా దిగిపోతున్నాయి. కథలో ఆగిపోయాడు గానీ, పాపం, అక్కడా స్థిరంగా లేడు.

వెళ్తే రిసార్టు లైట్లకు దూరంగా, జూన్ మబ్బులు రాకముందే వెళ్లండి. పదకొండు దాటేసరికి పడమటికి ఒరిగిపోతాడు.