రెండు రామాపురాలు

మద్రాసులో మా ఇల్లు రామాపురంలో. మా అవ్వ పుట్టినూరూ రామాపురమే, కాకపోతే అది కడప వైపుది. తాత పోయినప్పుడు పెద్దకర్మ కార్డుల మీద చిరునామాలు మేమే రాశాం. అవ్వ వాళ్ళ అన్నకు పంపే కార్డు మీద హడావిడిలో "రామాపురం, ఆంధ్ర ప్రదేశ్" అని మాత్రం రాసి డబ్బాలో వేశాం. ఆంధ్రాలో రామాపురాలు ఒకటా రెండా! అది ఎక్కడెక్కడ తిరిగిందో గాని, నెల తర్వాత మా ఇంటికే వచ్చింది. ఈలోగా ఎవరి నోటనో విని పెద్దాయన వచ్చారు. "కార్డు ముక్కకు కూడా కాకుండా పోయినామా, అమ్మా?" అని అవ్వను అడిగారు. ఆ మాట మేము మరిచిపోలేదు.

2023 ఆగస్టు 28న బ్రిటన్‌లో విమానాల రాకపోకలు చిక్కుపడ్డ కథ చదివినప్పుడు ఆ కార్డే గుర్తొచ్చింది. లాస్ ఏంజెలెస్ నుంచి పారిస్‌కు పోయే విమానం ఒకటి బ్రిటన్ గగనతలం మీదుగా వెళ్ళాలి. దాని ఫ్లైట్ ప్లాన్‌లో, అంటే దారిలో వచ్చే గుర్తుల పట్టీలో, 'డీవీఎల్' రెండు చోట్ల ఉంది. ఒకటి అమెరికాలోని డెవిల్స్ లేక్, ఇంకోటి ఫ్రాన్సులోని డోవిల్. రెంటి మధ్య దాదాపు 4,000 నాటికల్ మైళ్ళు. విమానం బ్రిటన్ దాటి ఎటు పోతుందో వెతికిన కంప్యూటరు, డోవిల్‌కు బదులు డెవిల్స్ లేక్‌ను పట్టుకుంది. అంటే లోపలికి రాకముందే బయటికి పోయినట్టు! లెక్క కుదరక, కంట్రోలర్లకు తప్పు సమాచారం పోకూడదని ఆగిపోయింది. తోడుగా పెట్టిన రెండో కంప్యూటరూ అదే ప్లాన్ చదివి అలాగే ఆగింది. ఇదంతా 20 సెకన్లలోపే. ఆపైన ప్లాన్లు చేత్తో ఎక్కించాల్సి వచ్చింది, గంటకు 60 దాకానే. 7 లక్షల మందికి పైగా ప్రయాణికులు ఇబ్బంది పడ్డారు.

అవ్వకు ఇదంతా చెప్పాం. "తెలీకుంటే ఆ ఒక్క కార్డు పక్కన పెట్టాల గాని, పోస్టాఫీసే మూసేస్తారా?" అంది. తప్పుదోవ పట్టించడం కంటే ఆగడమే మేలు, నిజమే. అయినా ఒక్కదాని కోసం అన్నీ ఆగాలా? అవ్వ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు.

ఆ ప్లాన్‌లో నిజానికి తప్పేం లేదు. మా కార్డు మీద ఊరి పేరూ తప్పు కాదు. పేరొక్కటే చాలలేదు, అంతే.

ఇప్పుడు మన బంధువుల చిరునామాల పుస్తకం మళ్ళీ రాస్తున్నాం. దయచేసి ఊరి పేరుతోబాటు వయా, మండలం, జిల్లా, పిన్‌కోడ్ కూడా రాసి పంపండి. అన్నీ ఉన్నాయా లేవా అని అవ్వ దగ్గరుండి చదివించుకుంటోంది.